మైన్‌స్వీపర్: లాజిక్ ఎక్కడిదాకా, లక్కు ఎక్కడినుంచి?

ఫోన్‌లో మైన్‌స్వీపర్, అంటే దాగున్న బాంబుల్ని తప్పించుకుంటూ మిగతా గడులన్నీ తెరిచే ఆట, నేర్చుకోవడం మొదలుపెట్టిన ఎవరికైనా కొన్నాళ్ళకి ఒక అనుమానం వస్తుంది. ముప్పావు బోర్డు ఒక్కో అంకె లెక్కపెట్టుకుంటూ జాగ్రత్తగా తెరుస్తారు. చివర్లో రెండు గడులు మిగులుతాయి. ఎంతసేపు చూసినా బాంబు ఎందులో ఉందో తేలదు. విసుగొచ్చి ఒకటి నొక్కుతారు, అదే పేలుతుంది. ఇప్పుడు తప్పు ఆడినవాళ్ళదా, ఆటదా? యాప్ కింద రివ్యూల్లో ఈ గొడవ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. "ఇది లాజిక్ గేమ్ కాదు, లాటరీ" అని ఒకరు తిడితే, "ఆడటం రాక అలా అంటున్నావు" అని ఇంకొకరు ఎగతాళి చేస్తారు. ఇద్దరూ కొంతవరకు కరెక్టే. కాకపోతే ఒకరు ఒక రకం చిక్కుముడి గురించి, ఇంకొకరు వేరే రకం గురించి మాట్లాడుతున్నారు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఈ తగువు తీరదు.

అంకె చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

రూల్ ఒక్కటే. తెరిచిన గడిలో అంకె కనిపిస్తే, దాన్ని ఆనుకుని ఉన్న గడుల్లో అన్ని బాంబులున్నాయని అర్థం. పక్కలు, పైన, కింద, నాలుగు మూలలు కలిపి మొత్తం ఎనిమిది గడులు. అంచున ఉన్న గడికి ఐదే, బోర్డు మూలలో ఉన్నదానికి మూడే. ఖాళీగా తెరుచుకుంటే చుట్టూ ఒక్క బాంబూ లేదన్నమాట. అప్పుడు ఆ చుట్టుపక్కలవన్నీ ఆటే తెరిచేస్తుంది.

అంకె చెప్పేది ఎన్ని బాంబులో మాత్రమే, ఎక్కడున్నాయో కాదు. ఆ ఎక్కడ అన్నది పట్టుకోవడమే ఆట. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ సెంటర్లలో ఈ ఆట చూసినవాళ్ళలో చాలామందికి ఈ ఒక్క రూల్ కూడా తెలియదు. పేలేదాకా నొక్కుకుంటూ పోవడమే ఆట అనుకునేవాళ్ళం. రాబర్ట్ డోనర్, కర్ట్ జాన్సన్ రాసిన ఈ ఆట 1990లో మైక్రోసాఫ్ట్ ఎంటర్‌టైన్‌మెంట్ ప్యాక్‌లో వచ్చింది. 1992లో విండోస్ 3.1తో పాటే ప్రతి కంప్యూటర్‌లోకీ చేరింది. రూల్స్ తెలియకుండానే ఇంతమంది ఆడిన ఆట ఇంకోటి ఉందా అంటే అనుమానమే.

ఫోన్‌లో సాధారణంగా ఒకసారి తడితే గడి తెరుచుకుంటుంది, నొక్కి పట్టుకుంటే జెండా పడుతుంది. జెండా అంటే "ఇక్కడ బాంబు ఉంది" అని మనం పెట్టుకునే గుర్తు. అది కరెక్టో కాదో ఆట చెప్పదు. చాలా యాప్‌లలో ఇంకో సదుపాయం కూడా ఉంటుంది. ఒక 2 చుట్టూ రెండు జెండాలు పెట్టేశాక ఆ 2 మీద తడితే మిగతా పక్క గడులన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. దీన్ని కార్డింగ్ అంటారు. చేతికి పని తగ్గుతుంది గానీ, జెండాల్లో ఒక్కటి తప్పు చోట ఉన్నా ఆట అక్కడితో అయిపోతుంది.

రెండు అంకెలు కలిసి చెప్పే మాట

కొత్తవాళ్ళు అంకెల్ని ఒక్కొక్కటిగా చదువుతారు. ఒక 1 పక్కన తెరవని గడి ఒక్కటే మిగిలితే బాంబు అదే. ఆ బాంబు ఇంకో 1 కి కూడా తగులుతుంటే ఆ 1 లెక్క తీరిపోయినట్టే, దాని మిగతా పక్కలు తెరవచ్చు. బిగినర్ బోర్డు, అంటే 9×9 గడుల్లో 10 బాంబులున్నది, చాలావరకు ఇంతటితోనే గడిచిపోతుంది.

అసలు ఆట రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మొదలవుతుంది. పై వరుస తెరవని గడులు, కింది వరుస తెరిచినవి అనుకుందాం:

అ  ఆ  ఇ  ఈ
?  1  2  ?

కింది 1 కి అ, ఆ, ఇ తగులుతాయి. 2 కి ఆ, ఇ, ఈ తగులుతాయి. (వాటికి మిగతా పక్కల్లో బాంబుల్లేవు.) విడివిడిగా చూస్తే ఏదీ తేలదు. కలిపి చూడండి. ఆ, ఇ రెండిట్లోనూ కలిపి ఒకటికి మించి బాంబు ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే 1 ఒప్పుకోదు. మరి 2 కి రెండు బాంబులు కావాలి. రెండోది ఎక్కడినుంచి వస్తుంది? ఈ నుంచే రావాలి. కాబట్టి ఈ లో బాంబు ఖాయం. మిగిలిన ఒక్కటీ ఆ, ఇ లలోనే ఉండాలి కాబట్టి 1 కోటా కూడా అక్కడే పూర్తయింది. అంటే అ గడి సేఫ్. ఏ అంకె దగ్గరా ఒంటరిగా తేలనిది ఒక్క జంటతో రెండు గడుల్ని తేల్చేసింది.

దీనికి పొడిగింపే ఆటగాళ్ళు బట్టీ పట్టే 1-2-1. అంచు పొడవునా 1, 2, 1 వరసగా వస్తే రెండు 1ల నెత్తిమీదా బాంబులుంటాయి, 2 నెత్తి మీది గడి సేఫ్. 1-2-2-1 అయితే తిరగబడుతుంది: బాంబులు రెండు 2ల పైన ఉంటాయి. వీటిని బట్టీ పట్టొచ్చు, స్పీడు కోసం ఆడేవాళ్ళు అదే చేస్తారు. కానీ పైన చేసిన తీసివేత అర్థమైతే ఇవి గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, కనిపించినప్పుడు అవే తేలతాయి.

చాలామంది ఇక్కడే ఆగిపోయేది ఇంకో చిన్న విషయం వల్ల. బోర్డు మీద కనిపించే అంకె వేరు, దాని మిగులు వేరు. పక్కన రెండు బాంబులు ముందే తేలిన 3 అసలు 1 తో సమానం. ఒకటి తేలిపోయిన 3 అంటే 2. అందుకే 3-2 అని కనిపించే చోట లోపల 1-2 దాక్కుని ఉండొచ్చు. "ఇక ఏమీ తేలట్లేదు, ఊహించాల్సిందే" అనుకునే బోర్డుల్లో పెద్ద భాగం ఇలా మిగులు లెక్క వేయకపోవడం వల్ల ఆగినవే. రివ్యూల్లో "ఆడటం రాదు" అని ఎగతాళి చేసేవాళ్ళు కరెక్టయ్యేది ఇక్కడే.

మొదటి తాకిడి మూలలోనా, మధ్యలోనా?

మొదటి గడి దగ్గర లాజిక్‌కి పని లేదు, ఇంకా ఒక్క అంకె కూడా లేదు కదా. అందుకే విండోస్ ఆటలో మొదటి క్లిక్‌కి ఎప్పుడూ బాంబు తగలదు. ఫోన్ యాప్‌లు కూడా దాదాపు అదే పద్ధతి పాటిస్తాయి. కొన్ని ఇంకో అడుగు ముందుకేసి మొదటి తాకిడికి ఖాళీ గడే వచ్చేలా చూస్తాయి.

అలా చూడని యాప్‌లో ఎక్కడ మొదలుపెట్టాలన్నది లెక్క వేయొచ్చు. ఎక్స్‌పర్ట్ బోర్డు 16×30, అంటే 480 గడుల్లో 99 బాంబులు, నూటికి దాదాపు 21 గడులు. బోర్డు మూలలో నొక్కితే పక్కనున్నవి మూడే కాబట్టి అది ఖాళీగా తెరుచుకునే అవకాశం సుమారు 50 శాతం. అంచున 31 శాతం. మధ్యలో ఎనిమిది పక్కలూ ఖాళీ కావాలి కాబట్టి 15 శాతమే. అలాగని మూలే మేలు అని అందరూ ఒప్పుకోరు. మూలలో తెరుచుకునే జాగా చిన్నది, మధ్యలో అదృష్టం కలిసొస్తే ఒకేసారి పెద్ద మైదానం తెరుచుకుంటుంది. గెలిచే అవకాశం చూసుకునేవాళ్ళు మూలకి వెళతారు. సెకన్లు లెక్కపెట్టుకునేవాళ్ళు మధ్యలో కొట్టి, బాగోలేకపోతే ఆ బోర్డు వదిలేసి కొత్తది మొదలుపెడతారు.

సగం-సగం అనిపించేవన్నీ సగం-సగం కావు

ఇప్పుడు నిజంగానే ఏదీ ఖాయంగా తేలని చోటికి వద్దాం. ఒక అంకె మిగులు 1, దానికి తగిలేవి అ, ఆ. ఇంకో అంకె మిగులు కూడా 1, దానికి తగిలేవి ఆ, ఇ. ఈ మూడు గడుల గురించి చెప్పే అంకె ఇంకోటి లేదు. (చెప్పాల్సిన చోట బాంబులే ఉంటే ఇలా జరుగుతుంది, బాంబు గడికి అంకె ఉండదు.)

బాంబులు కూర్చోవడానికి రెండే దారులున్నాయి. ఒకటి, ఆ లో ఒక్క బాంబు ఉండి రెండు అంకెల లెక్కనీ అదే తీర్చడం. రెండోది, అ లో ఒకటి, ఇ లో ఒకటి ఉండటం. రెండు దారులు కాబట్టి ఫిఫ్టీ-ఫిఫ్టీ అనుకుంటాం. కానీ బోర్డు పైన ఒక కౌంటర్ ఉంటుంది, జెండాలు పెట్టినవి పోను మిగిలిన బాంబులెన్నో చెబుతుంది. దాన్ని చాలామంది అలంకారం కింద జమకట్టేస్తారు.

కౌంటర్ 5 చూపిస్తోందని, ఈ మూడు కాక ఏ అంకే తాకని గడులు దూరంగా 20 ఉన్నాయని అనుకుందాం. మొదటి దారిలో ఇక్కడ ఒక బాంబు ఖర్చయింది, మిగతా 4 ఆ 20 గడుల్లో సర్దుకోవాలి. అందుకు 4,845 విధాలున్నాయి. రెండో దారిలో ఇక్కడే రెండు ఖర్చయ్యాయి, మిగతా 3 సర్దుకోవడానికి 1,140 విధాలు. బాంబుల్ని ఆట ఎటూ మొగ్గకుండా చల్లుతుంది కాబట్టి ఈ 5,985 బోర్డుల్లో ప్రతిదానికీ సమాన అవకాశం ఉంది. అంటే ఆ లో బాంబు ఉండే అవకాశం 81 శాతం, అ, ఇ లలో ఉండే అవకాశం 19 శాతమే. సగం-సగం అనుకున్నది నాలుగింట ఒకటి కూడా కాదు.

దీనిలోంచి వచ్చే మోటు లెక్క ఒకటుంది. దూరంగా మిగిలిన గడుల్లో బాంబులు సగం కంటే తక్కువగా ఉన్నంతకాలం, తక్కువ బాంబులతో తీరిపోయే దారికే బరువు ఎక్కువ. ఫోన్ పట్టుకుని ఎవరూ 4,845 లెక్కపెట్టరు గానీ, ఈ మాత్రం అందరూ చూడగలరు.

ఈ ఉదాహరణలో ఇంకో తమాషా ఉంది. దూరంగా ఉన్న 20 గడుల్లో ఏ ఒక్కదాన్ని గుడ్డిగా నొక్కినా ప్రమాదం ఎంత? లెక్క వేస్తే అదీ 19 శాతమే వస్తుంది. మరి అ నొక్కినా, దూరంగా ఎక్కడో నొక్కినా ఒకటేనా? కాదు. అ తెరిచి బతికితే ఆ లో బాంబు ఖాయమవుతుంది, ఇ సేఫ్ అని తేలుతుంది, అక్కడినుంచి దారి తెరుచుకుంటుంది. దూరపు గడి తెరిచి బతికితే ఒక అంకె చేతికొస్తుంది, దాని చుట్టూ మళ్ళీ చీకటే, ఈ మూడు గడుల చిక్కు అలాగే ఉంటుంది. మంచి ఆటగాళ్ళు ప్రమాదం ఒక్కటే చూడరు, బతికాక చేతికి ఏమొస్తుందో కూడా చూస్తారు. ఒక్కోసారి కాస్త ఎక్కువ ప్రమాదమున్న గడిని కావాలనే ఎంచుకుంటారు.

అదే అమరికలో ఆ దూరపు 20 గడులు లేవనుకోండి. కౌంటర్ 1 చూపిస్తే బాంబు ఆ లోనే, 2 చూపిస్తే అ, ఇ లలో. అవకాశాల మాటే లేదు, పూర్తి లాజిక్. ఆట చివర్లో కౌంటర్ కూడా ఒక అంకే, బోర్డంతటికీ కలిపి ఒకే పెద్ద అంకె.

ఎవరూ తేల్చలేని జంట

ఇక లాటరీ అని తిట్టేవాళ్ళ వంతు. బోర్డు కింది కుడి మూల తీసుకోండి. మూల గడి, దాని ఎడమ పక్క గడి, ఈ రెండే ఇంకా తేలలేదు. రెండిట్లో కలిపి ఒక బాంబు. వీటి పైనున్న రెండు అంకెలకీ రెండు గడులూ తగులుతాయి కాబట్టి అవి రెండిట్నీ విడదీయలేవు. ఒకదానికి తగిలి రెండోదానికి తగలని గడులు బోర్డు మొత్తంలో రెండే ఉన్నాయి, ఎడమ వైపు ఒకదానిమీద ఒకటిగా. దురదృష్టం కొద్దీ ఆ రెండూ బాంబులే అయితే సాక్ష్యం చెప్పేవాళ్ళు లేనట్టే. కౌంటర్ కూడా సాయపడదు, ఎటు చూసినా మిగిలింది ఒక్కటే. ఎంత తెలివైన మనిషైనా, ఎంత పెద్ద కంప్యూటరైనా ఇక్కడ చేయగలిగింది బొమ్మా బొరుసా వేయడమే.

ఇలాంటి జంట ఆట మధ్యలోనే కనిపిస్తే ఎప్పుడు నొక్కాలన్నది ఆటగాళ్ళ మధ్య పాత వాదన. ఇప్పుడే నొక్కేయమనేవాళ్ళ లెక్క సూటిగా ఉంటుంది: ఎప్పటికీ తేలనిదానికోసం ఆఖరిదాకా ఎందుకు ఆగాలి, పోయేదేదో ఇప్పుడే పోతే పది నిమిషాలు మిగులుతాయి. ఆగమనేవాళ్ళు అడిగే ప్రశ్న వేరు: అది నిజంగా తేలనిదేనా? పక్క గడులు రెండూ బాంబులని ఇంకా ఖాయం కాకపోతే అటువైపు నుంచి ఒక అంకె రావచ్చు. నన్నడిగితే రెండు మాటలకీ వైరం లేదు. పై మూల ఉదాహరణలా నాలుగు వైపులా మూసుకుపోయిన జంట అయితే మొదటివాళ్ళే కరెక్టు. ఎక్కడైనా సందు ఉంటే రెండోవాళ్ళు కరెక్టు. తగువంతా సందు ఉందా లేదా అని చూడకుండా మాట్లాడటం వల్లే.

మిలియన్ డాలర్ల ఆట అన్న ప్రచారం

మైన్‌స్వీపర్ గురించి వెతికితే "ఈ ఆట ఛేదిస్తే మిలియన్ డాలర్లు" అన్న మాట తప్పక ఎదురవుతుంది. దాని వెనక నిజం ఉంది, కానీ ఆ రూపంలో కాదు.

2000లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ కే ఒక చిన్న ప్రశ్న తీసుకున్నారు. సగం తెరిచిన బోర్డు ఒకటి ఇస్తే, అందులోని అంకెలన్నీ ఒకేసారి నిజమయ్యేలా బాంబులు పెట్టడం సాధ్యమా, కాదా? బాంబులు, అంకెల అమరికలతో కంప్యూటర్ చిప్‌లో ఉండేలాంటి వైర్లు, లాజిక్ గేట్లు కట్టొచ్చని ఆయన చూపించారు. దాంతో ఈ ప్రశ్న ఎన్‌పీ-కంప్లీట్ అనే కష్టమైన సమస్యల జాబితాలో చేరింది. ఆ సమస్యల్లో ఏ ఒక్కదానికైనా, బోర్డు ఎంత పెద్దదైనా వేగంగా పనిచేసే పద్ధతి కనుక్కున్నా, లేదా అలాంటిది అసలు లేదని నిరూపించినా, పీ-ఎన్‌పీ ప్రశ్న (జవాబు ఇస్తే వేగంగా సరిచూడగలిగే సమస్యలన్నిటికీ జవాబు కనుక్కోవడం కూడా వేగంగా కుదురుతుందా అన్నది) తేలినట్టే. అదే ఏడాది క్లే గణిత సంస్థ బహుమతి ప్రకటించిన ఏడు ప్రశ్నల్లో అదొకటి. మిలియన్ డాలర్లు వచ్చింది అక్కడినుంచి. ఫోన్‌లో ఎక్స్‌పర్ట్ బోర్డు గెలిచినందుకు ఎవరూ ఇవ్వరు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆడేవాళ్ళెవరూ "ఈ బోర్డు సాధ్యమా" అని అడగరు, ఎదురుగా ఉన్న బోర్డు సాధ్యమేనని వాళ్ళకి ముందే తెలుసు. వాళ్ళ ప్రశ్న "ఖాయంగా తేలే గడి ఏదైనా ఉందా" అన్నది. 2011లో అలన్ స్కాట్, ఉల్రికే స్టెగె, ఐరిస్ వాన్ రూయ్ ఈ తేడా పట్టుకుని, ఆటగాడి అసలు ప్రశ్న కో-ఎన్‌పీ-కంప్లీట్ అనే పక్క తరగతికి చెందుతుందని చూపించారు. అదీ కష్టమైనదే. అయితే ఈ కష్టం బోర్డు సైజు అంతులేకుండా పెరిగితే వచ్చేది. 480 గడుల బోర్డులో ఏది ఖాయం, దేని ప్రమాదం ఎంత అన్నది ప్రోగ్రాములు చిటికెలో చెప్పేస్తాయి. అలా చెప్పీ అవి కూడా ఎక్స్‌పర్ట్ బోర్డులు ఎన్నో ఓడిపోతాయి, పై మూల లాంటి చోట్ల వాటికీ మనకీ తేడా లేదు. లెక్క కష్టం కావడం వేరు, సమాచారమే లేకపోవడం వేరు. ప్రచారంలో ఈ రెండూ కలిసిపోయాయి.

'నో గెస్' మోడ్ ఏం మారుస్తుంది?

ఈ చికాకు తప్పించడానికి ఇప్పుడు చాలా యాప్‌లు 'నో గెస్' అనే సెట్టింగ్ ఇస్తున్నాయి. ఊహించాల్సిన అవసరం లేకుండా మొదటి తాకిడి నుంచి చివరిదాకా లాజిక్‌తోనే పూర్తయ్యే బోర్డులు మాత్రమే ఇస్తామన్నది దాని హామీ. బ్రిటన్ ప్రోగ్రామర్ సైమన్ టాథమ్ ఉచితంగా ఇస్తున్న పజిళ్ళ సంకలనంలోని 'మైన్స్' ఎప్పటినుంచో ఇలాగే పనిచేస్తుంది. అది ఫోన్‌లలోనూ దొరుకుతుంది. లోపల జరిగేది ఇదీ: మొదటి గడి మనం నొక్కాక ప్రోగ్రాము బాంబులు చల్లి, ఆ బోర్డుని ముందు తనే ఆడి చూస్తుంది. ఎక్కడైనా తను ఇరుక్కుపోతే అక్కడి బాంబుల్ని కాస్త అటూ ఇటూ జరిపి మళ్ళీ ప్రయత్నిస్తుంది. చివరిదాకా వెళ్ళగలిగాకే బోర్డు మన చేతికిస్తుంది.

నేర్చుకునేవాళ్ళకి ఇది పెద్ద వరం, ఎందుకంటే ఇందులో ఇరుక్కుంటే సందేహం ఉండదు. చూడాల్సినదేదో ఇంకా ఉంది, బహుశా ఏదో అంకె మిగులు లెక్క, లేకపోతే కౌంటర్. పాత పద్ధతి ఇష్టపడేవాళ్ళ అభ్యంతరం కూడా తీసిపారేసేది కాదు. అవకాశాలు తూచడం, ప్రమాదానికీ సమాచారానికీ మధ్య బేరం చూసుకోవడం ఆటలో సగం విద్య, నో గెస్‌లో ఆ సగానికి పనే ఉండదు అంటారు వాళ్ళు. అ, ఆ, ఇ ఉదాహరణలో చూసిన విద్య నో గెస్ బోర్డులో నిజంగానే అక్కరకు రాదు.

మూడో సంగతి కాస్త వింతగా ఉంటుంది. ఊహించాల్సిన అవసరం రాదన్న హామీ కూడా ఒక సమాచారమే. నో గెస్ బోర్డులో మూలకి దగ్గరపడుతున్నారు. అక్కడ రెండు బాంబులు ఒకదానిమీద ఒకటి ఉంటే వెనక ఉన్న జంట ఎప్పటికీ తేలదని మీకు తెలుసు. అలాంటి బోర్డు ఈ మోడ్‌లో రాదు. కాబట్టి, ఆ జంటలో ఒకే బాంబు ఉందని ముందే తేలిన చోట, ఆ రెండిట్లో కనీసం ఒకటి బాంబు కాదని ఏ అంకే చెప్పకుండానే తేల్చేయొచ్చు. ఇది తెలివా, దొంగదారా? బోర్డు మీది సాక్ష్యంతోనే ఆడాలనేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. రూల్స్‌లో రాసి ఉన్నది వాడుకుంటే తప్పేంటని మిగతావాళ్ళు అంటారు. ఒకే జవాబు ఉంటుందన్న నమ్మకంతో సుడోకు పూర్తిచేసేవాళ్ళ మీద కూడా సరిగ్గా ఇదే వాదన ఉంది, అక్కడా తేలలేదు.

కాలం, ర్యాంకులు పట్టించుకునేవాళ్ళు ఇంకోటి గమనించాలి. నో గెస్ బోర్డులు ఏరి, సరిచేసి ఇచ్చినవి కాబట్టి, అందులో సాధించిన టైమునీ గెలుపు శాతాన్నీ మామూలు బోర్డు లెక్కల పక్కన పెట్టి పోల్చడం కుదరదు. మీ యాప్ ఈ రెండిట్లో ఏది ఇస్తోందో చాలాసార్లు సెట్టింగ్స్ తెరిస్తేగానీ తెలియదు.